కాగితం లేని భూమికి సాక్షి ఎవరు?

(పాతబస్తీలో జరిగిన ఉద్యోగులు, విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం కూర్చున్న చోటి నుంచి నాలుగడుగులేస్తే మదీనా చౌరస్తా. అది దాటితే మూసీ ఒడ్డున హైకోర్టు. 1920లో ఏడో నిజాం ప్రారంభించిన భవనం. పాతబస్తీ వాళ్లకు ఆ గుమ్మటాలు దినాం కనపడేవే. ఉట్నూరు గోండుకు, ఏటూరునాగారం కోయకు మాత్రం అది రెండు వందల యాభై, మూడు వందల కిలోమీటర్ల దూరాన ఉన్న ఇల్లు. అక్కడ నడిచే భాష వాళ్లది కాదు. అయినా తాత ముత్తాతల నుంచి దున్నుకుంటున్న భూమి కోసం వాళ్లు ఆ మెట్లెక్కుతూనే ఉన్నారు. ఎందుకు ఎక్కుతున్నారు, ఎక్కి ఏం తెచ్చుకున్నారు అనేదే ఇవ్వాళ మనం మాట్లాడుకోవాల్సిన విషయం.

ముందుగా ఒక మాట చెప్పాలి. ఆదివాసీకి భూమి చట్టం ఎవరూ దానంగా ఇయ్యలేదు. 1940లో జోడెఘాట్ గుట్టల్లో కొమురం భీమ్ నెత్తురు పారింది. ఆ తర్వాతనే నిజాం సర్కారు కండ్లు తెరిచింది. హైమండార్ఫ్ సలహాలు, ఆదిలాబాద్ గోండులకు పట్టాలు, 1356 ఫస్లీలో (అంటే 1946లో) గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్, అన్నీ ఆ పోరాటం వెనకాల వచ్చినవే. అంతదాకా గోండు చేసిన ఎవుసం రికార్డుల్లో శివాయి జమాబందీ కిందనే నడిచింది. దున్నేది గోండు, పట్టా మాత్రం ఎవరికైనా పోవచ్చు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1959లో భూ బదలాయింపు రెగ్యులేషన్ వచ్చింది. అది తెలంగాణలో అమల్లోకి వచ్చింది 1963 డిసెంబర్ 1న. నాలుగున్నరేండ్లకు పైగా ఆలస్యం. ఈ మధ్యలో ఏజెన్సీలో ఎన్ని ఎకరాలు చేతులు మారాయో ఊహించుకోండి. 1970లో సవరణ జరిగింది. అందరం 1/70 అని పిలుచుకునే చట్టం ఇదే. షెడ్యూల్డు ఏరియాలో గిరిజనుని నుంచే కాదు, గిరిజనేతరుని నుంచి గిరిజనేతరుడు కొన్నా చెల్లదు. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. అక్కడ గిరిజనేతరుని చేతిలో ఉన్న భూమి గిరిజనుని నుంచే వచ్చిందని చట్టం ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సిన బరువు భూమి పట్టుకున్నవాడిదే. కాగితం లేనివాడికి చట్టం ఇంతకంటే గట్టి ఆయుధం ఇవ్వలేదు.

ఈ సవరణ చెల్లదని గిరిజనేతర భూస్వాములు సుప్రీంకోర్టు దాకా పోయారు. పి.రామిరెడ్డి కేసులో 1988లో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. తర్వాత సమత కేసు. విశాఖ మన్యంలో అనంతగిరి మండలం బొర్రా దగ్గర సర్కారే ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులిచ్చింది. సమత అనే స్వచ్ఛంద సంస్థ కోర్టుకెక్కింది. 1995లో ఇదే మూసీ ఒడ్డు హైకోర్టు పిటిషన్ కొట్టేసింది. వాళ్లు ఊకోలేదు. 1997 జూలై 11న సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల మెజారిటీతో తీర్పు చెప్పింది: 'వ్యక్తి' అంటే ప్రభుత్వం కూడా వస్తుంది, షెడ్యూల్డు ఏరియాలో సర్కారు భూమిని సైతం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు ఇచ్చే అధికారం సర్కారుకు లేదు.

తీర్పయితే వచ్చింది. మరి అమలు? 2000లో ఐదో షెడ్యూలునే సవరించే ప్రతిపాదనతో కేంద్ర గనుల శాఖ తయారుచేసిన రహస్య నోటు బయటపడింది. 2005లో ఆంధ్రప్రదేశ్ సర్కారు ఇంకో దారి వెతికింది: బాక్సైట్ తవ్వేది ప్రభుత్వ గనుల సంస్థ, తీసుకునేది జిందాల్ కంపెనీ. తీర్పులో సందు దొరికితే చాలు, కంపెనీ ఆ సందులోంచి దూరుతుంది. ఇది మనకు తెలియని కథా? ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబర్ 3న సుప్రీంకోర్టు చెప్పింది. ఏడాది తిరగకముందే ఆరు సూత్రాలు వచ్చాయి, పార్లమెంటు చట్టంతో ముల్కీ నిబంధనలే మాయమయ్యాయి. గెలిచిన తీర్పు ఎట్లా చేజారుతుందో తెలంగాణ ఉద్యోగికి ఎవరూ పాఠం చెప్పాల్సిన పని లేదు.

ఇక కింది స్థాయికి రండి. 2007 నాటి సర్కారు లెక్కల ప్రకారం 1/70 కింద గుర్తించిన కేసులు 72,001. అందులో భూమి 3 లక్షల 21 వేల ఎకరాల పైచిలుకు. తేల్చినవాటిలో 33,319 కేసులు గిరిజనులకు వ్యతిరేకంగా పోయాయి. ఆ కేసుల కింద పోయిన భూమి 1,62,989 ఎకరాలు. రుజువు బరువు ఎదుటివాడి మీద ఉన్న చట్టంలో సగం దాకా ఓటమి ఎట్లా సాధ్యం? 1970కి ముందే కొన్నామని పాత తేదీ సాదా బైనామా ఒకటి తెస్తే సరిపోయింది. అది ఎప్పటి సిరాతో రాసిందో అడిగేవాడు లేడు. ఆదివాసీకి నోటీసు అందదు. అందినా చదివి చెప్పేవాళ్లుండరు. ఉట్నూరులోనో భద్రాచలంలోనో స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ ముందు కేసు ఓడితే, కలెక్టర్ దగ్గర అప్పీలు, ఆపైన ఈ మదీనా. ప్రతి వాయిదాకూ ఒక దినం కూలి పోతుంది, బస్సు కిరాయి అప్పు తేవాల్సిందే.

పాతబస్తీ వాళ్లకు ఈ కాగితాల గోస కొత్తది కాదు. మణికొండ దర్గా భూములు, 1,654 ఎకరాలు, వక్ఫువి కావు సర్కారువని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. పెద్ద సంస్థకే రికార్డుల ముందు అట్లయితే గుట్ట మీది కోలాం మాటేంది?

అందుకే కెనడా సంగతి ఒకటి చెప్పాలి. గిట్క్సాన్, వెట్సువెటెన్ జాతుల పెద్దలు తమ భూమికి రుజువుగా కోర్టులో తమ కథలు చెప్పారు, పాటలు పాడారు. 1991లో కింది కోర్టు వాటికి విలువ ఇయ్యలేదు. 1997 డిసెంబర్‌లో, అంటే సమత తీర్పు వచ్చిన అయిదు నెలలకు, డెల్గముక్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు నోటి చరిత్రను రాత పత్రాలతో సమానంగా చూడాలని చెప్పి కేసును మళ్లీ విచారించమంది. ఆ బాటలోనే 2014 జూన్‌లో, మన రాష్ట్రం ఏర్పడిన నెలలోనే, చిల్కోటిన్ జాతికి తమ భూభాగం మీద హక్కును కోర్టు ప్రకటించింది.

మన దగ్గర అట్లాంటి ఏర్పాటు లేదనుకోకండి. 2006 అటవీ హక్కుల చట్టం కింది నిబంధనల్లో ఊరి పెద్దల వాంగ్మూలం సాక్ష్యమే. వంశవృక్షం సాక్ష్యమే. సామూహిక హక్కుకు శ్మశానం, చెరువు, దేవుని చెట్టు సాక్ష్యమే. మరి ఆ సాక్ష్యాన్ని రాసుకున్న ఆఫీసర్లు ఎంతమంది? 'పహాణీ ఏదీ?' అనే ప్రశ్నతోనే దరఖాస్తును పక్కన పడేస్తున్నారు.

కోర్టు అన్నిసార్లూ ఆదివాసీ పక్షమేనని మేము అనం. 2019 ఫిబ్రవరి 13న, దరఖాస్తులు తిరస్కరించినవాళ్లను అడవి నుంచి ఖాళీ చేయించాలని సుప్రీంకోర్టే ఆదేశించింది. దేశమంతా గగ్గోలు లేస్తే పదిహేను రోజులకు ఆ ఉత్తర్వు మీద స్టే వచ్చింది. ఏజెన్సీలో టీచర్ కొలువులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన జీవో 3ని 2020లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టేసింది. ఇక్కడున్న ఉపాధ్యాయ మిత్రులకు దాని దెబ్బ తెలుసు.

అయినా మెట్లెక్కడం మానొద్దని ఎందుకంటున్నామంటే, కొలాంగొంది ఉంది. 2019 జూన్‌లో కాగజ్‌నగర్ అడవిలోని ఆ గూడెం నుంచి 67 మంది కోలాంలను వెళ్లగొట్టి వేంపల్లి కలప డిపోలో పెట్టారు. వెళ్లగొట్టింది పరాయి పాలకులు కాదు, జల్ జంగల్ జమీన్ అని నినదించి తెచ్చుకున్న మన రాష్ట్రపు అధికారులు. పౌరహక్కుల సంఘం హెబియస్ కార్పస్ వేసింది. హైకోర్టు వాళ్లను బస్సులో హైదరాబాద్‌కు రప్పించి, న్యాయమూర్తి నివాసంలోనే విచారించి, భూమి, ఇండ్లు ఇవ్వమని ఆదేశించింది. 2023 జూలైలో మంగపేట మండలంలోని 23 గ్రామాలు షెడ్యూల్డు ఏరియాలోనివేనని, దాదాపు 75 ఏండ్లుగా నలుగుతున్న వివాదంలో ఇదే హైకోర్టు తీర్పిచ్చింది. అట్లాంటి తీర్పులున్నయి గనుకనే వాటి అమలు అడిగే హక్కు మనకుంది.

ఇక మీతో పని. రెవెన్యూలో పనిచేసే ఉద్యోగ మిత్రులారా, బేదఖలు ఉత్తర్వు వచ్చినంక భూమి నిజంగా ఎవరి చేతికి పోయిందో పంచనామా రాసేది మీరే. ఆ ఒక్క కాగితం నిజాయితీగా రాయండి, నకలు ఆదివాసీ చేతికియ్యండి. లా చదివే విద్యార్థులు సెలవుల్లో ఒక్కొక్కరు ఒక్కో గూడేనికి రావాలి. ముసలివాళ్లు ఉండంగనే వాళ్ల నోటి మాటను గోండీలో, కోయలో రికార్డు చేసి, తెలుగులో రాసి, గ్రామసభలో చదివి, సంతకాలూ వేలిముద్రలూ తీసుకోవాలి. హైకోర్టును రాజేంద్రనగర్‌కు తరలించడానికి 2024లో శంకుస్థాపన జరిగింది. భవనం ఎక్కడున్నా ఫైలు మనమే మోయాలి. రానున్నవాళ్లు బయట బల్ల దగ్గర పేర్లు రాయించుకొని పోండి.

జై తెలంగాణ!