గాలం వేసేవారి దావా



ఇంగ్లండులో డార్బీ నగరం గుండా డెర్వెంట్ నది పారుతుంది. కృత్రిమ పట్టు ఫ్యాక్టరీ వ్యర్థాలు, కార్పొరేషన్ మురుగు, విద్యుత్ కేంద్రం వేడినీళ్ళు కలిసి అందులో చేపలు బతకలేని స్థితి తెచ్చాయి. అక్కడ సరదాకి గాలం వేసేవారి సంఘం ఒకటుంది. మన సంఘంలాగే చందాల మీద నడిచేదే! వారికి ఆ నదిలో చేపలు పట్టే హక్కు ఆస్తి హక్కు. ఆ బలంతోనే కోర్టుకెక్కారు. ఇటువంటి దావాలకు అండగా నిలవాలనే న్యాయవాది జాన్ ఈస్ట్‌వుడ్ 1948లో గాలం వేసేవారి సహకార సంఘం స్థాపించారు.

ఊరు పెరిగింది, మేమేం చేస్తాం, కావాలంటే నష్టపరిహారం తీసుకోండి అంది కార్పొరేషన్. (ఈ మాట మనమూ విన్నదే.) అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. సర్దుకోవడానికి గడువిచ్చింది గాని, మురుగు వదలరాదన్న ఉత్తర్వును ఖాయం చేసింది.

ఆ సహకార సంఘం పనిని 2009 నుంచి ‘ఫిష్ లీగల్’ కొనసాగిస్తోంది.