మనిషి బాగానే ఉందిగా!

సంక్రాంతి వెళ్ళిందంటే నాకొచ్చే ఉత్తరాల్లో సగం అజీర్ణం మీదే ఉంటాయి. మనుబోలు నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం మాత్రం వేరు. "డాక్టరమ్మా, మా పాప ఇంటర్ చదవతా ఉంది. పగలంతా ఆకలి లేదంటది. రాత్రి మేం పడుకున్నాక అరిసెల డబ్బా ఖాళీ చేస్తా ఉంది. తినంగానే బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పుకుంటది. పైత్యమని జీలకర్ర కషాయం ఇస్తా ఉండా. మనిషి మాత్రం బాగానే ఉంది."

ఆ చివరి మాట దగ్గరే నాకు కోపం. మీ మీద కాదమ్మా, ఆ మాట మీద.

మీ పాప లక్షణాలున్న జబ్బును బులీమియా అంటారు. ఆపుకోలేక అతిగా తినడం, వెంటనే లావైపోతామన్న భయంతో, సిగ్గుతో దాన్ని వాంతితోనో, విరేచనాల మాత్రలతోనో, కటిక ఉపవాసంతోనో వదిలించుకోవాలని చూడడం. 1979లో లండన్ డాక్టర్ జెరాల్డ్ రస్సెల్ దీనికి పేరు పెట్టారు. 1995లో యువరాణి డయానా టీవీలో తన బులీమియా గురించి చెప్పింది. ఇందులో బరువు మారదు గనక ఎవరికీ తెలియదన్నది ఆవిడే. లోకమంతా ఫొటోలు తీస్తున్న మనిషి జబ్బే కనబడలేదు, మన ఇంట్లో కనబడుతుందా?

కాబట్టి ఒళ్ళు చూడకండి. చేతి కణుపుల మీద కాయలున్నాయేమో చూడండి. పులుపు తగిలితే పళ్ళు జివ్వుమంటున్నాయేమో అడగండి. బుగ్గలు ఉబ్బితే ఒళ్ళు చేసిందని మురిసిపోతాం. అది లాలాజల గ్రంథుల వాపు కావచ్చు. మగపిల్లలకూ వస్తుంది.

ఒకసారి పళ్ళ డాక్టరు ఒక కాలేజీ అమ్మాయిని నా దగ్గరకు పంపారు. నేనేం అడిగినా తల్లే జవాబు చెబుతోంది. "నిక్షేపంగా తింటుందండీ. మా బాధల్లా నీళ్ళ ట్యాంకు. నాలుగిళ్ళకు సరిపోయే నీళ్ళు మధ్యాహ్నానికే అయిపోతాయి." ప్లంబర్ని పిలిచారట, వాషర్లు మార్పించారట, మోటారు విప్పించారట. ఆమెను కాఫీ తాగి రమ్మని బయటకు పంపాను. తలుపు పడగానే ఆ పిల్ల, "అమ్మకు చెప్తారా?" అంది. చప్పుడు వినబడకూడదని కుళాయి తిప్పేదట, ఏడాదిగా. చూశారా, ఇంట్లో కుళాయికి వైద్యం జరిగింది! ఎందుకంటే మనిషి బాగానే ఉంది మరి.

కథ పొడుగైంది, మన్నించండి. లోపల జరిగేది మాత్రం చిన్నది కాదు. వాంతులతో ఒంట్లో పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. కళ్ళు తిరిగి పడిపోయినా, గుండె దడదడలాడినా, వాంతిలో రక్తం పడినా, చచ్చిపోతానన్న మాట నోట వచ్చినా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇక పెద్దలకు నాలుగు చీవాట్లు. పెళ్ళి పందిట్లో "ఏమే, ఇంత లావయ్యావు" అని పలకరించడం మానండి. ఫ్రిజ్‌కు తాళం వేయకండి, బాత్రూం తలుపు దగ్గర కాపలా కాయకండి. "నువ్వు బాధపడతా ఉండావని తెలిసింది, తిట్టను" అని చెప్పండి. పగలు మాడితే రాత్రి ఆకలి మీద పడుతుంది. వేళకు టిఫిను, అన్నం అందరూ కలిసి తినండి. వాంతయ్యాక వెంటనే పళ్ళు తోముకోకుండా నీళ్ళు పుక్కిలించమనండి, పళ్ళ మీది పింగాణీ మిగులుతుంది.

ఇది పొగరు కాదు, దిష్టి కాదు, నయమయ్యే జబ్బు. మాటలతో చేసే చికిత్స ఉంది, అవసరమైతే మందులున్నాయి. నెల్లూరు ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్యులుంటారు. గడప దాటడానికి బెరుకైతే 14416కు ఫోన్ చేయండి. 2022లో మొదలైన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది. పగలూ రాత్రీ, పైసా ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడతారు.

మనుబోలు తల్లీ, ఈ రాత్రి కషాయం కాచకండి, పాప పక్కన కూర్చోండి. డాక్టరు దగ్గరకు వచ్చేటప్పుడు "మనిషి బాగానే ఉంది" అన్న మాటను మాత్రం ఇంటి దగ్గరే వదిలి రండి.