రెండు అక్షయ్‌లు, రెండు పద్మలు



మన ఆత్మకూరుకు సముద్రం దూరం. తెలిసిన పెద్ద నీళ్లంటే సంగమేశ్వరం దగ్గరి కృష్ణమ్మే. అయినా మాస్టారి స్మారకసభలో పడవల గురించి మాట్లాడటానికి కారణముంది. ఏ వస్తువు కథ చెప్పబోయినా "ముందు ఇది ఎవరిది?" అని అడిగేవారాయన. ఈ పడవల కథలోనూ అసలు ప్రశ్న అదే.

మామూలు పడవకు ఫిరంగి బిగించి కాపలాకు పంపడం కొత్తేమీ కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా ధనికుల షికారు పడవలు మీరెరిగినవే. ఆ కథలు వదిలేస్తాను. 1941 డిసెంబరు 8న లక్షదీవుల దగ్గర మన నౌకాదళపు చిన్న ఓడ ప్రభావతిని, జపాను జలాంతర్గామి అనుకొని, బ్రిటిషు క్రూజర్ గ్లాస్గో ముంచేసిందని మాత్రం గుర్తుంచుకోండి.

ఇక నేను ఏళ్ల తరబడి వెంటపడిన కథ. 1971లో కలకత్తా రేవు సంస్థకు అక్షయ్, అజయ్ అనే రెండు మోటారు పడవలుండేవి. రేవు పనులు చేసుకునే ఆ పడవలకు 40 మిల్లీమీటర్ల బోఫోర్స్ ఫిరంగులు బిగించి, వరుసగా పద్మ, పలాశ్ అని పేర్లు మార్చి, బంగ్లాదేశ్ విముక్తి కోసం పోరాడుతున్న ముక్తివాహినికి ఇచ్చారు. నావికుల్లో ఎక్కువమంది పాకిస్తాన్ నౌకాదళాన్ని వదిలి వచ్చిన బెంగాలీలు. నడిపించినవారు భారత అధికారులు. నవంబరులో తూర్పు పాకిస్తాన్‌లోని మంగ్లా రేవు దారిలో మందుపాతరలు వేసినవి ఇవే.

ఇక్కడే కొందరు పండితులతో నాకు పేచీ. భారత నౌకాదళంలోనూ అజయ్, అక్షయ్ అనే గస్తీనౌకలుండేవి. 1961లో కలకత్తా గార్డెన్‌రీచ్‌లో కట్టిన ఆ అజయ్‌కి స్వతంత్ర భారతదేశంలో తయారైన తొలి యుద్ధనౌక అని పేరు. 1971లో పోరాడినవి ఇవేనని వీరి వాదన. అక్షయ్ 1973లో బంగ్లాదేశ్‌కు వెళ్లి పద్మ అయింది, కాబట్టి రెండూ ఒకటేనట! అయ్యా, 1971 డిసెంబరులోనే మునిగిన రేవు పడవ పద్మ 1973లో ఎలా చేతులు మారుతుంది? నౌకాదళపు అజయ్ 1974లో సుర్మా అయింది, పలాశ్ కాలేదు. ఈ తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. అలా చూడరు, యుద్ధానికి యుద్ధనౌకే వెళ్లి ఉండాలని ముందే తీర్మానించుకున్నారు. దాంతో రేవు పడవల ఘనత నౌకాదళం ఖాతాలో పడింది. ఇంకా చెప్పాలనుంది గానీ, అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు.

క్లుప్తంగా ముగిస్తాను. 1971 డిసెంబరు 10న భారత నౌకాదళ కమాండర్ సామంత్ నాయకత్వంలో, మన నౌకాదళపు పడవ పన్వేల్‌తో కలిసి ఖుల్నా చేరుతుండగా, మన వాయుసేన విమానాలే శత్రువుల పడవలనుకొని పద్మను, పలాశ్‌ను కొట్టాయి. పద్మ మునిగింది అప్పుడే. ప్రభావతి గతే! పలాశ్ ఇంజను గదిలో పనిచేసిన రుహుల్ అమీన్ ఆ రోజే మరణించాడు. బంగ్లాదేశ్ ఆయనకు అత్యున్నత పురస్కారం 'బీర్ శ్రేష్ఠ' ఇచ్చింది. 1971 తూర్పు సముద్రం అనగానే మనం విశాఖను, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని, మన విమానవాహక నౌక విక్రాంత్‌నే తలుచుకుంటాం, ఈ రేవు పడవలను కాదు. 

పరిశోధనకు దిగబోయే పిల్లలకు ఒక్కమాట: నౌకాదళం జాబితాతో ఆగకండి, రేవు సంస్థల పాత రిజిస్టర్లు అడిగి చూడండి.