ఆత్మకు కొలబద్ద
(గ్రంథాలయసభలో గావింపబడిన ఉపన్యాసము)



భక్తిని కొలువవచ్చునా యన్న ప్రశ్న మనలో ననేకులకు హాస్యాస్పదముగా దోచును. బియ్యమును కుంచముతో గొలుతుము, బంగారమును తులములతో దూతుము. ఈశ్వరునియందలి నమ్మికను దేనితో దూచెదరని యడుగుదురు. అయినను ఈ పనికి బూనుకొనిన పండితులు గలరు. వారిని నవ్వి త్రోసివేయుటకు ముందు వారేమి చేసిరో తెలిసికొనుట న్యాయము.

అమెరికాదేశమున గోర్డన్ ఆల్‌పోర్టు, హెన్రీ ఓడ్‌బర్టు అను నిరువురు 1936లో నొక పెద్ద ఆంగ్లనిఘంటువును గాలించి, మనుష్యుల స్వభావమును, నడవడిని దెలుపు పదములను సుమారు 18,000 ఏర్చి కూర్చిరి. ఒక జాతి తనవారి స్వభావములలో ముఖ్యమని తలచిన ప్రతిదానికిని పేరు పెట్టియే యుండునన్నది ఈ పనికి మూలమైన యూహ. తరువాతివారు ఆ పదరాశిని వడగట్టి వడగట్టి తుదకు ఐదు గుణములను మిగిల్చిరి: ఆందోళనము, బహిర్ముఖత్వము, నూతనానుభవములయెడ నాదరము, సౌమనస్యము, కర్తవ్యనిష్ఠ. పాల్ కోస్టా, రాబర్టు మెక్రే అనువారు 1992లో ప్రకటించిన 240 వాక్యముల ప్రశ్నావళి ఈ ఐదింటిమీదనే నిలిచియున్నది.

ఇందులో దైవచింతకు చోటెక్కడ? ఈ ప్రశ్న వేసినవాడు రాల్ఫ్ పీడ్‌మాంటు. ఆయన మేరీలాండు రాష్ట్రమునందలి లొయోలా విద్యాపీఠమున మనస్తత్త్వశాస్త్రమును బోధించినవాడు. పదములను వడగట్టినప్పుడే మతసంబంధమైన మాటలు జల్లెడలోనుండి జారిపోయినవని యాయన వాదము. బౌద్ధ, హైందవ, యూద, కాథలిక్కు, లూథరు, క్వేకరు సంప్రదాయముల నెఱిగినవారిని సంప్రదించి, అందఱకును సమానమైన యంశములేవో తెలిసికొని, 24 వాక్యములతో నొక మాపనిని నిర్మించి 1999లో ప్రకటించెను. దానికి మూడు శాఖలు: ప్రార్థనలో గలుగు తృప్తి, సర్వజీవులును ఒక్కటే యన్న భావము, పూర్వులతోను రాబోవు తరములతోను గల యనుబంధము. ఈ మాపని చూపిన ఫలితములు పై ఐదు గుణములలో లీనము గాక వేఱుగా నిలిచినవి. కావున ఆధ్యాత్మికత మానవస్వభావమున నాఱవ గుణము కావచ్చునని యాయన ప్రతిపాదించెను.

ఇచ్చట నొకింత నిలువవలెను. తనకు ప్రార్థనలో శాంతి గలుగుచున్నదని కాగితముమీద వ్రాయుటకు సిరాచుక్క చాలును. మన వేమన యీ ప్రశ్నావళిని జూచినచో నేమనియుండునో యూహించుట కష్టము గాదు. పీడ్‌మాంటు ఈ చిక్కు నెఱుగనివాడు కాడు. మనుష్యుడు తన్నుగూర్చి చెప్పుకొనినదానిని, అతని నెఱిగినవారు చెప్పినదానితో బోల్చి చూచెను. ఈ పద్ధతి మనకు క్రొత్త గాదు. గీతయందు రెండవ యధ్యాయమున స్థితప్రజ్ఞు డెట్లు మాటలాడును, ఎట్లు కూర్చుండును, ఎట్లు నడచునని యర్జునుడు ప్రశ్నించెను. చూపరికి గనబడు గుర్తులే యాతడు గోరినవి. కృష్ణుడిచ్చిన సమాధానమో, చాలవఱకు లోపలి స్థితిని గూర్చినది. పొరుగువాడు గుడికి బోవుట మనము చూడగలము. గుడిలో వాని మనస్సెక్కడ నున్నదో చూడలేము. ఆల్‌పోర్టే 1967లో మైకేల్ రాస్‌తో గూడి చేసిన పరిశోధనలో, మతమును స్వప్రయోజనమునకు వాడుకొనువారికిని, మతమునే జీవితముగా జేసికొనినవారికిని భేదము చూపెను. మొదటివారిలో పరజాతిద్వేషము హెచ్చుగా నుండెను. ఇరువురును ప్రార్థనామందిరమునకు బోవువారే!

ఇక మనకు మిక్కిలి సంబంధించిన విషయము. పీడ్‌మాంటు మాపనిని 2002లో ప్రకటితమైన పరిశోధనలో మన దేశమున హిందువులకు, ముసల్మానులకు, క్రైస్తవులకు నిచ్చి చూచిరి. ప్రార్థన, విశ్వైక్యము అను రెండు శాఖలును ఇచ్చట గూడ నిలిచినవి. అనుబంధమను మూడవ శాఖ నిలువలేదు. దాని విశ్వసనీయత తక్కువగా దేలినది.

ఇది వింతగా లేదా? తండ్రితాతలకు తిలోదకములు విడుచు దేశమున, ఇంటిపేరును తరతరములుగా మోయు దేశమున, అనుబంధమును గొలుచు కొలబద్దయే విఱిగినది! మనకా గుణము లేదనుట మాత్రము పొరబాటు. నా తలంపున కారణము రెండు విధములుగా నుండవచ్చును. అందఱకును ఒక గుణము సమానముగా నున్నచో వారిలో హెచ్చుతగ్గు లుండవు. హెచ్చుతగ్గులు లేనిచోట నీ లెక్కలు పనిచేయవు. లేదా, ఆంగ్లమున వ్రాసిన వాక్యములు మన యనుబంధమును తాకనేలేదు. మనవాడు పూర్వులను స్మరించునది మనోభావముగా గాదు, ఋణముగా. తీర్పవలసిన ఋణమును గూర్చి యడుగక, కలుగు భావమును గూర్చి యడిగినచో వాడేమి చెప్పగలడు?

ఈ చర్చ పండితుల వినోదము మాత్రమే యని తలపకుడు. మత్తుపదార్థములకు లోబడి చికిత్స పొందుచున్నవారిపై పీడ్‌మాంటు 2004లో ప్రకటించిన పరిశోధనలో, ఈ మాపని యంకెలు చికిత్సాఫలితమును ముందుగా సూచింపగలిగెను. కల్లు, సారాయి గూల్చిన కుటుంబములు మనకెన్ని లేవు? రోగి కేది యూతయో వైద్యు డెఱుగుట మంచిదే. కాని అదే కాగితము ఉద్యోగమిచ్చు యజమాని చేతబడినచో? బడిపంతులు చేతబడినచో? భక్తిలో నూటికి నలువది వచ్చిన పిల్లవాడని యొక ముద్ర వేయుదురు. నాస్తికుడైన సత్పురుషునకు సున్న వచ్చును. ఆ వాడుకను నేను ఒప్పుకొనను.

మనవారును ఊరకుండలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున పనిచేసిన కోనేరు రామకృష్ణారావుగారు, ఆనంద పరాంజపే, అజిత్ దలాల్ గార్లతో గూడి భారతీయ మనస్తత్త్వశాస్త్రమునకు 2008లో నొక బృహద్గ్రంథమును సంపాదకులై వెలువరించిరి. సత్త్వరజస్తమస్సులను గొలుచు ప్రశ్నావళులును బయలుదేఱినవి. తెలుగువారిని గొలువదలచినవారు ఆంగ్లవాక్యములను తెలిగించి తృప్తిపడక, పల్లెలకు బోయి, ఋణము, సంస్కారము, పుణ్యము, మనసు నిలుచుట అను మాటలను మనవా రేయే సందర్భములలో వాడుదురో వ్రాసికొని రావలెను. ఆల్‌పోర్టు తన పనిని నిఘంటువుతో నారంభించెను గదా. మనము నోటిమాటలతో నారంభింతము.