బాపు తోవ తప్పితే
(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరును కదా, ఏదైనా యంత్రం గురించి చెప్పమన్నారు. చాలా చిన్న యంత్రం గురించి చెబుతాను. మనలో చాలామందిమి యాభై దాటాం. తల్లిదండ్రులు బోరంచలో, మనం పటాన్‌చెరులోనో హైదరాబాదులోనో ఇంకా దూరానో ఉన్నాం. దేశంలో అరవై దాటినవాళ్లలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం అంచనా వేసింది. మన దగ్గర దాన్ని చాదస్తమని వదిలేస్తారు. అలాంటివాళ్లలో మా బాపు ఒకరు.

ఎద్దులు అమ్మి ఇరవై ఏళ్లయింది. అయినా తెల్లవారుజామున లేచి, మేత వేయాలని చేను దిక్కు బయలుదేరతాడు. మన ఊరి సంగతి మీకు చెప్పనక్కర్లేదు. ఒకపక్క మంజీర. దసరా దాటితే కంది చేను తలెత్తు పెరుగుతుంది. అందులో మనిషి కూర్చుంటే పదడుగుల దూరం నుంచి కూడా కనబడడు.

అందుకే ఒంటి మీద ఉండే పరికరం వెతికాం. దుకాణంలో మొదట చూపించేది ఆపదలో నొక్కే ఎర్ర బటన్. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మకు అది మంచిదే. బాపుకు మాత్రం పనికిరాదు. మతి తప్పిన మనిషి తాను తప్పిపోయానని అనుకోడు, పొలానికి పోతున్నాననే అనుకుంటాడు. ఇక బటన్ ఎందుకు నొక్కుతాడు? కాబట్టి ఏ పరికరం కొన్నా ఒకటే అడగండి: ఇది పనిచేయాలంటే పెద్దాయన ఏం గుర్తుపెట్టుకోవాలి? ఏదైనా గుర్తుపెట్టుకోవాల్సి ఉంటే అది వద్దు.

తాళంచెవులకు తగిలించే చిన్న బిళ్లలు చవక, బ్యాటరీ నెలల తరబడి వస్తుంది. కానీ అవి బ్లూటూత్ మీద నడుస్తాయి. చుట్టుపక్కల వెళ్లే ఎవరిదైనా తగిన ఫోను దాన్ని పసిగడితేనే జాడ తెలుస్తుంది. అమీర్‌పేటలో సరే, కంది చేనులో ఎవరి ఫోను ఉంటుంది? మనకు కావలసింది జీపీఎస్‌తో పాటు సొంత సిమ్ ఉన్నది. జీపీఎస్ ఎక్కడున్నాడో లెక్కగడుతుంది, ఆ కబురు మనకు చేర్చేది సిమ్. ఇక్కడో మెలిక ఉంది. చవక పరికరాలు కొన్ని 2జీ మీదే నడుస్తాయి, జియోకు 2జీ లేదు. కొనేముందు రెండు మూడు కంపెనీల ఫోన్లు పట్టుకుని పొలం గట్టు మీద, రేవు దగ్గర, నల్లపోచమ్మ గుడి దగ్గర నిలబడి సిగ్నల్ చూడండి. ఇంట్లో కూర్చుని చూస్తే లాభం లేదు, ఆయన తప్పిపోయేది ఇంట్లో కాదు.

పరికరం ఎన్ని నిమిషాలకోసారి జాడ పంపుతుందో కూడా అడగండి. మామూలు నడక గంటకు నాలుగు కిలోమీటర్లు అనుకుంటే, పది నిమిషాల్లో ఆరువందల మీటర్లు దాటిపోతాడు. తరచుగా పంపితే బ్యాటరీ తొందరగా అయిపోతుంది. మేం మామూలుగా పది నిమిషాలు, గీత దాటితే ఒక నిమిషం అని పెట్టాం. ఆ గీతను ఇంటి చుట్టూ యాభై మీటర్లకు పెడితే, కప్పు కింద జీపీఎస్ సరిగా అందక, ఆయన మంచం మీదున్నా ఫోను మోగుతుంది. రెండువందలకు పెట్టాం. ఛార్జింగు రాత్రి పెట్టకండి, వెళ్లిపోయేది ఆ వేళకే. మధ్యాహ్నం అన్నం తిన్నాక, ఎవరైనా పక్కన ఉన్నప్పుడు పెట్టాలి.

గడియారం పెడితే బాపు "ఇది నాది కాదు" అని విప్పి గింజల డబ్బాలో వేశాడు. తాళం పడే పట్టీలు దొరుకుతాయి కానీ, తన పొలం తాను దున్నుకున్న మనిషి చేతికి సంకెల వేయడానికి నాకు మనసొప్పలేదు. అమ్మే ఉపాయం చెప్పింది. ఆయన బనీనుకు లోపలి జేబు కుట్టి అందులో పెట్టింది. బనీను లేకుండా ఆయన గడప దాటడు. మీ ఇంట్లో అది మొలతాడు కావచ్చు, నడుము దగ్గరి తిత్తి కావచ్చు. వాళ్లు ఏది లేకుండా బయటికి పోరో చూడండి.

ఇంకొకటి. ఆ హెచ్చరిక హైదరాబాదులో నా ఫోనుకు వస్తే నేనేం చేయగలను? వంద కిలోమీటర్లకు పైగా దూరం. అందుకే మొదట మా పక్కింటి తమ్ముడికి, తర్వాత మా చిన్నాన్న కొడుకుకి, ఆ తర్వాతే నాకు వస్తుంది. ఇద్దరినీ ముందే అడిగి ఒప్పించాం. పరుగెత్తే మనిషి లేకపోతే పదివేల పరికరమైనా దండగే. వెతికినా దొరక్కపోతే ఆలస్యం చేయకుండా 112కు చేయండి. వృద్ధుల సలహాలకు 14567 ఉంది.

బ్యాటరీ అయిపోయిన రోజు కోసం బాపు చేతి వెండి కడియం మీద రెండు ఫోను నంబర్లు చెక్కించాం. అంకెలే, మాటలు లేవు. కర్ణాటక దిక్కు దాటినా అంకెలు చదవగలరు కదా. దానికి ఛార్జింగు అక్కర్లేదు.

మేం వాడి చూసినవి రెండు పరికరాలు, ఆ జేబు కుట్టిన పాత బనీను కూడా తెచ్చాను. భోజనాల దగ్గర ఉంటాను, చూడాలనుకున్నవాళ్లు రండి.