స్వస్థత పొందాం కదా, మాత్ర ఎందుకు?



బీపీ గురించి పాస్టరు మాట్లాడడమేమిటి అనుకోవచ్చు. మన సంఘాల్లో కొందరు మాత్రలు మానేస్తున్నది ప్రార్థన కూడికల తర్వాతే, అందుకే మాట్లాడుతున్నాను. స్వస్థత అయిపోయిందని సాక్ష్యం చెప్పి, మాత్రల అట్ట పారేసినవాళ్ళను నేనెరుగుదును. కొన్నాళ్ళు ఏమీ అనిపించదు. బీపీ ఎక్కువున్నా చాలామందికి ఏ బాధా తెలియదు కదా! తెలిసేసరికి పక్షవాతం వచ్చి మూతి వంకరపోవచ్చు, కిడ్నీలు దెబ్బతినవచ్చు.

హిజ్కియా ప్రార్థన ఆలకించిన దేవుడే యెషయా చేత అంజూరపు పండ్ల ముద్దను పుండు మీద కట్టించాడు. పౌలుతో కలిసి తిరిగిన లూకా వైద్యుడు. ఇక మాత్ర వేసుకుంటే విశ్వాసం తగ్గిందని ఎవరన్నారు?

వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 గానీ, అంతకు మించి గానీ ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. చూపించుకునే ముందు అరగంట కాఫీ, పొగాకు ముట్టకండి. అయిదు నిమిషాలు నెమ్మదిగా కూర్చోండి. మెట్లెక్కి ఆయాసంతో వచ్చి చెయ్యి చాపితే అంకె తప్పు వస్తుంది.

ఉప్పు సంగతి. రోజుకు మొత్తం 5 గ్రాముల లోపు, అంటే ఒక చిన్న చెంచాడు. ఊరు విడిచి మూడు తరాలైనా మనం ఆవకాయ విడవలేదు! పచ్చడి, అప్పడం, ఎండుచేప, పైగా మజ్జిగలో ఉప్పు. అన్నీ ఒకే పూట వద్దు. రోజూ అరగంట వేగంగా నడవండి. ఖైనీ, గుట్కా, సారా గురించి మీకు వేరే చెప్పక్కర్లేదు.

బీపీ తగ్గిందంటే మాత్ర పనిచేస్తోందని అర్థం. కాళ్ళు వాచినా, పొడిదగ్గు వచ్చినా డాక్టరుకు చెప్పండి, వేరే మాత్ర ఇస్తారు. మీ అంతట మీరు మానొద్దు. ఒళ్ళు నొప్పులకు మందుల షాపులో అడిగి వేసుకునే కొన్ని మాత్రలు బీపీ పెంచుతాయి. ఉపవాసముంటే బీపీ మాత్ర ఎలా వేసుకోవాలో ముందే అడగండి; షుగరు కూడా ఉంటే తప్పకుండా అడగాలి.

ఇంకొకటి. వీధులూడ్చే మన అక్కలు కొందరు ఒంట్లో నీరు లాగే మాత్ర పొద్దున వేసుకోరు. పని చేసేచోట మరుగుదొడ్డి ఉండదు మరి. ఆమెను డాక్టరు తిడతాడు, మనం తిడతాం. మరుగుదొడ్డి కట్టని కాంట్రాక్టరును మాత్రం ఎవరూ ఏమీ అనరు. మున్సిపాలిటీని అడగాల్సింది మనమే. ఈలోగా మన గుడి మరుగుదొడ్డి తాళం పొద్దున్నే తీసి ఉంచలేమా?

తమిళనాడులో ఇంటికొచ్చి బీపీ మాత్రలిచ్చే 'మక్కళై తేడి మరుత్తువం' పథకం 2021 ఆగస్టులో మొదలైంది. మొదలైంది కూడా మన తెలుగువాళ్ళు తరతరాలుగా ఉంటున్న కృష్ణగిరి జిల్లాలోనే. మిగతా రాష్ట్రాల్లో, యానాంలో ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. మందులు లేవంటే ఊరికే తిరిగి రాకండి, రాతపూర్వకంగా అడగండి.

యువకులారా, నర్సమ్మ కన్నడంలోనో ఒడియాలోనో చెప్పింది మన అవ్వలకు సగమే అర్థమవుతుంది. ఈ నెల ఒక్కో అవ్వతో ఒక్కొక్కరు వెళ్ళండి. ఏ మాత్ర పొద్దున, ఏది రాత్రి అన్నది అట్ట మీద తెలుగులో రాసివ్వండి. చదువు రానివాళ్ళకు సూర్యుడు, చంద్రుడు బొమ్మలు వేస్తే చాలు.