భూగోళాలు గీసే షువినాయ్

కెనడా ఉత్తరాన, నునావుట్‌లోని కింగైట్ అనే చిన్న ఊళ్లో 1961లో పుట్టారు ఇన్యుట్ ఆదివాసీ చిత్రకారిణి షువినాయ్ అషూనా. నానమ్మ పిట్సియోలాక్ పేరుపొందిన చిత్రకారిణి. తండ్రి కియూగాక్ శిల్పి.

మొదట్లో ఆమె నల్ల సిరాతో తమ ప్రాంతపు రాళ్లూ గుట్టలూ గీసేవారు, చిన్న రాళ్లను కూడా విడివిడిగా, ఓపిగ్గా. తర్వాత రంగు పెన్సిళ్లు పట్టారు. ఇక కాగితం మీద గుడారాలు, వాల్రస్‌లు, ఆక్టోపస్‌లు, ఊరి జనం అంతా కలిసిపోయారు. నీలం, ఆకుపచ్చ భూగోళాలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఓ బొమ్మలోనైతే ఒక స్త్రీ భూగోళాన్నే ప్రసవిస్తుంది! ఇన్యుట్ కళ అంటే మంచూ ఇగ్లూలే అనుకునేవారు ఈ బొమ్మలు తప్పక చూడాలి.

2018లో గెర్షోన్ ఇస్కోవిట్జ్ బహుమతి, 2022లో వెనిస్ బినాలే కళా ప్రదర్శనలో ప్రత్యేక ప్రశంస ఆమెకు దక్కాయి. అంత పేరొచ్చినా ఆమె బొమ్మలు పుట్టేది కింగైట్ సహకార సంఘం స్టూడియోలోనే.